అదను, ఉనికి: తెలుగు కాలభావనపై గుమ్మడిదల నేపథ్యంలో ఒక పునర్విమర్శ

ప్రస్తావన

తెలుగు సాహిత్యంలోని కాలభావనను చర్చించే విమర్శలో ఒక ద్వంద్వం తరచు కనిపిస్తుంది. పల్లె, పురాణం, సేద్యం చక్రీయ కాలానికి చెందినవి. నగరం, నవల, కర్మాగారం రేఖీయ కాలానికి చెందినవి అన్నది దాని సారాంశం. శాశ్వత పునరావృత్తిని గురించి మిర్చా ఎలియాడ్ 1949లో ప్రచురించిన గ్రంథం, గడియారానికీ శ్రమశిక్షణకూ ఉన్న సంబంధాన్ని గురించి ఇ.పి. థామ్సన్ 1967లో రాసిన వ్యాసం ఈ విభజనకు బలాన్నిచ్చాయి. ఇద్దరి ఉద్దేశాలూ వేరు. ఎలియాడ్ పరిశీలించింది పురాణ మనస్తత్వాన్ని. థామ్సన్ పరిశీలించింది ఇంగ్లండులో కూలివాడి పనిగంటలను. అయినా ఆ రెండింటినీ కలిపి ఒక సూత్రంగా తెలుగు రచనలకు అన్వయించడం అలవాటైంది.

ఈ సూత్రం తెలుగు భాషలో, తెలుగు నేలమీద ఎంతవరకు నిలుస్తుందన్నది ప్రస్తుత వ్యాసానికి ప్రశ్న. దానిని పరీక్షించడానికి సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల ప్రాంతం తగినది. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో గుమ్మడిదల ప్రత్యేక మండలమైంది. అంతకుముందు అది ఉమ్మడి మెదక్ జిల్లా జిన్నారం మండలంలో భాగం. హైదరాబాదు నుంచి నర్సాపూర్ మీదుగా మెదక్‌కు వెళ్లే దారిమీద ఉన్న ఈ ప్రాంతానికి ఒకవైపు నర్సాపూర్ అడవి, మరొకవైపు బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి, పటాన్‌చెరు పారిశ్రామిక వాడలు ఉన్నాయి. బొంతపల్లి వీరభద్రస్వామి జాతర తిథిని అనుసరిస్తుంది. ఆ చుట్టుపక్కల కర్మాగారాలు షిఫ్టును అనుసరిస్తాయి. ఒకే ఇంట్లో తండ్రి కార్తెలను, కొడుకు సీ షిఫ్టును లెక్కపెట్టుకొనే చోట చక్రం, రేఖ అనే రెండు బొమ్మలు చాలుతాయా అని అడగవలసి ఉంది.

1. ‘ఇప్పుడు’లోని పొద్దు

కాలాన్ని తెలిపే తెలుగు మాటల్లో అత్యంత సాధారణమైనవి ‘ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు’. ఇవి ‘పొద్దు’ అనే మాటతో సంబంధమున్నవి. పొద్దు అంటే సూర్యుడు, పగలు, సమయం కూడా. పొద్దు పొడుస్తుంది, ఎక్కుతుంది, వాలుతుంది, గూకుతుంది. ఊసుపోనివాడికి పొద్దు పోదు. ఉపవాసమున్నవాడు ఒక్కపొద్దు ఉంటాడు. కనుక ‘ఇప్పుడు’ అన్నవాడు ఎరిగినా ఎరగకున్నా ‘ఈ సూర్యుడున్నప్పుడు’ అంటున్నాడు. వర్తమానం ఇక్కడ అమూర్తమైన బిందువు కాదు; ఆకాశంలో ఒక చోటు.

శాస్త్రపక్షంలో దీనికి సమీపంగా వచ్చేది న్యాయవైశేషికం. ఆ దర్శనం కాలాన్ని తొమ్మిది ద్రవ్యాలలో ఒకటిగా లెక్కించింది. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో, గడిచినది, గడుస్తున్నది వంటి వ్యవహారానికి కారణమైనదే కాలమని, అది ఒక్కటే, సర్వవ్యాప్తం, నిత్యమని సంగ్రహించాడు. అఖండమైన ఆ కాలాన్ని క్షణాలుగా, దినాలుగా విభజించేది సూర్యగతి వంటి ఉపాధి. భాగవత తృతీయస్కంధంలో మైత్రేయుడు విదురునికి చెప్పిన కాలవిభాగం కూడా సూర్యుడు పరమాణువును దాటే వ్యవధితో మొదలై యుగాల దాకా సాగుతుంది. అందులోనే నాడికను కొలిచే పద్ధతి ఉంది: అడుగున సన్నని రంధ్రమున్న పాత్రలోకి నీరు చేరి, పాత్ర మునగడానికి పట్టే కాలమే ఆ కొలత. తెలుగువారి ‘గడియకుడుక’ ఇదే. అరవై గడియలు ఒక రోజు. ఒక గడియ మన లెక్కలో 24 నిమిషాలు. ఈనాటి ‘గడియారం’ అనే మాటలో ఆ గడియ ఇంకా నిలిచి ఉంది. అంటే తెలుగు సంప్రదాయంలో కాలానికి కొలతలు రెండు: ఒకటి పొద్దు, మరొకటి నీరు. ఈ రెండవ కొలతతో వ్యాసం చివర మళ్లీ పని పడుతుంది.

‘ముందు’, ‘వెనుక’ అనే మాటలు మరింత ఆసక్తికరమైనవి. ‘ముందుముందు ఏమవుతుందో’ అన్నప్పుడు ముందు అంటే రాబోయేది. ‘పెళ్లికి ముందు’ అన్నప్పుడు అదే మాట గడిచినదాన్ని చెబుతుంది. ‘వెనుకటి కాలం’, తెలంగాణలో ‘ఎన్కట’, గతం. ‘ఆ వెనుక’ అంటే మాత్రం తరువాత. ఇది అయోమయం కాదు, రెండు వేర్వేరు క్రమాలకు ఒకే జంట మాటలను వాడడం. మనిషి తన ఉనికిని కేంద్రంగా పెట్టుకున్నప్పుడు ముఖం భవిష్యత్తు వైపు ఉంటుంది. రెండు సంఘటనలను ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు అవి బాటసారుల వరుసలా నడుస్తాయి, ముందు నడిచినది ముందటిది. ఆంగ్ల తత్త్వవేత్త మెక్‌టాగర్ట్ 1908లో కాలం అసత్యమని వాదిస్తూ ఈ రెండు క్రమాలనే వేరుచేశాడు: గత, వర్తమాన, భవిష్యత్తులుగా నిత్యం మారే క్రమం ఒకటి, పూర్వం, అనంతరం అనే మారని క్రమం మరొకటి. మొదటిది లేనిదే కాలం లేదని, అదే స్వవిరుద్ధమని ఆయన తేల్చాడు. తెలుగు వాడుక ఆ రెండింటినీ విడదీయకుండా, సందర్భాన్ని బట్టి ముఖం తిప్పుకుంటుంది. చక్రం, రేఖ అన్న బొమ్మలు రెండవ క్రమాన్ని మాత్రమే గీస్తాయి. తనకేమవుతుందోనని ముందుకు చూసే మనిషికి ఆ బొమ్మల్లో చోటు లేదు.

2. అగు, ఉండు, లేదు

ఉనికిని గురించి భాష చెప్పేది వ్యాకరణంలో దొరుకుతుంది. తెలుగులో ‘ఇది చెరువు’ అన్న వాక్యానికి క్రియ అక్కరలేదు. ఒక వస్తువు ఏమిటో చెప్పడానికి ఉనికి క్రియ అవసరం లేదు; అది ఎక్కడో, ఎప్పుడో ఉన్నదని చెప్పడానికే ‘ఉండు’ కావాలి. మారడాన్ని చెప్పడానికి ‘అగు’ ఉంది. ఈ మూడింటికీ ఒకే క్రియను వాడే భాషల్లో పుట్టిన సత్తావిచారం తెలుగులో అదే రూపంలో పుట్టడానికి వీల్లేదు.

చిన్నయసూరి 1858లో ప్రచురించిన బాలవ్యాకరణం వర్తమాన, భూత, భవిష్యత్తులతో పాటు ‘తద్ధర్మం’ అనే మరొక అర్థాన్ని గుర్తించింది. ఒకదాని స్వభావంగా, ఎప్పుడూ జరిగే క్రియను అది చెబుతుంది. ఆధునిక వ్యవహారంలో భవిష్యత్తు, తద్ధర్మం ఒకే రూపంలో కలిసిపోయాయి. ‘మిరుగానికి వాన వస్తది’ అన్న వాక్యం వచ్చే వానను గురించిన ఊహ కావచ్చు, ప్రతి ఏటి స్వభావం కావచ్చు. రాబోయేదాన్ని చెప్పడానికి తెలుగు రైతు తద్ధర్మాన్నే ఆశ్రయిస్తాడు. ఇది చక్రీయ విశ్వాసంలా కనిపించవచ్చు. అయితే ‘వస్తది’ అన్నవాడే ‘వస్తదో రాదో’ అని కూడా అంటాడు. స్వభావాన్ని నమ్మడం వేరు, ఫలితాన్ని నమ్మడం వేరు.

అభావం విషయంలో తెలుగు మరింత సూక్ష్మంగా ఉంటుంది. భూతకాల క్రియను నిషేధించడానికి ‘రాలేదు’ అంటాం: ‘రా’ అనే క్రియకు ‘లేదు’ చేరింది. జరగని సంఘటనను చెప్పడమంటే ఒక ఉనికిని నిరాకరించడమే. వైశేషికులు అభావాన్ని ప్రత్యేక పదార్థంగా అంగీకరించి నాలుగు విధాలుగా విభజించారు. వాటిలో రెండు కాలంతో ముడిపడినవి: ప్రాగభావం, ప్రధ్వంసాభావం. మొదటిదానికి ఆది లేదు, అంతముంది. వస్తువు పుట్టగానే అది ముగుస్తుంది. రెండవదానికి ఆది ఉంది, అంతం లేదు. తెలుగు ఈ తేడాను రెండు చిన్న మాటలతో చెబుతుంది. ‘వాన ఇంకా లేదు’ అన్నది ప్రాగభావం. ‘ఆ చేను ఇక లేదు’ అన్నది ప్రధ్వంసాభావం. ‘ఇంకా’కూ ‘ఇక’కూ మధ్య ఒక ఊరి చరిత్ర పడుతుంది.

ఇదే పారిశ్రామిక వాడ పక్కన పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ ఈ భేదానికి ప్రత్యక్ష నిదర్శనం. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి పంటల విత్తన నమూనాలు లక్షకు పైగా అక్కడి జన్యునిధిలో ఉన్నాయి. దీర్ఘకాలం నిలవడానికి వాటిని మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచుతారు. ప్రాగభావం ఉపాదానకారణంలో ఉంటుందని నైయాయికులు అన్నారు. కాబోయే మొక్క లేమి విత్తనంలోనే ఉంది. ఆ లేమిని ముగియనీయకుండా కాపాడడమే విత్తననిధి పని. పొలంలో ‘ఇక లేని’ వంగడం అక్కడ ‘ఇంకా లేని’ మొక్కగా నిలిచి ఉంటుంది. చక్రం కానీ రేఖ కానీ ఈ స్థితిని వర్ణించలేవు.

3. కార్తె: చక్రమా, అనుమతా?

చక్రీయ కాలానికి ఉదాహరణగా విమర్శకులు మొదట చూపేది కార్తెలను. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో పదమూడు పద్నాలుగు రోజులుంటాడు. ఇరవై ఏడు కార్తెలతో ఏడాది తిరుగుతుంది. రోహిణి మే చివర, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో వస్తాయి. ఏటా అదే వరుస. ఇంతకంటే స్పష్టమైన చక్రం ఏముంటుందన్న ప్రశ్న సహజమే.

దీనికి రెండు సమాధానాలున్నాయి. మొదటిది గణితానిది. కార్తెలు నక్షత్రాలను బట్టి ఏర్పడతాయి. ఋతువులు సూర్యుని అయనాన్ని బట్టి ఏర్పడతాయి. అయనచలనం వల్ల ఈ రెండింటికీ ఏటా ఇరవై నిమిషాల తేడా వస్తుంది. సుమారు 71 ఏళ్లకు ఒక రోజు, వేయేళ్లకు రెండు వారాలు. అంటే వేయేళ్లలో ఋతువు మీద నుంచి ఒక కార్తె పొడవంత జరుగుతుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయన్న మాట నన్నయ నాటి రోహిణికీ ఈనాటి రోహిణికీ ఒకే విధంగా వర్తించదు. కాబట్టి కార్తె సామెతలు అనాది కాలపు ప్రతిధ్వనులు కావు. అవి కొన్ని శతాబ్దాల పరిశీలనలోంచి వచ్చి, దిద్దుకుంటూ వచ్చిన చారిత్రక జ్ఞానం.

రెండవ సమాధానం సామెతల వాక్యరూపంలో ఉంది. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్న సామెతను తీసుకోవచ్చు. సెప్టెంబరు మధ్యలో వచ్చే ఉత్తర కార్తె నాటికీ వాన పడకపోతే గంప ఎత్తుకొని ఊరు విడవమని దాని తాత్పర్యం. ఇందులో పునరావృత్తి లేదు. ఒక హద్దు ఉంది, చూడడం ఉంది, నిర్ణయం ఉంది. ఆ నిర్ణయం పంటకు సంబంధించినది మాత్రమే కాదు, ఆ చోట ఉండడమా మానడమా అన్నది. ఇక్కడ కాలం ఉనికిని ప్రశ్నిస్తున్నది.

ఈ కాలాన్ని వివరించడానికి భర్తృహరి పనికివస్తాడు. వాక్యపదీయంలోని కాలసముద్దేశం కాలాన్ని ఒక శక్తిగా నిరూపించింది. ఆ శక్తికి రెండు వ్యాపారాలు: అభ్యనుజ్ఞ, ప్రతిబంధం. కొన్నింటిని పుట్టడానికి, పెరగడానికి అనుమతిస్తుంది, కొన్నింటిని ఆపుతుంది. అన్నీ ఒకేసారి జరగకపోవడానికి కారణం కాలం పట్టి ఉంచడమే. యాస్కుడు నిరుక్తంలో వార్ష్యాయణి మతంగా పేర్కొన్న ఆరు భావవికారాలు, పుట్టడం, ఉండడం, మారడం, పెరగడం, తరగడం, నశించడం, ఈ అనుమతి వల్లనే వరుసగా సాగుతాయి. ఇక్కడ ఒక విషయం గమనార్హం: ‘ఉండడం’ కూడా ఆరు వికారాలలో ఒకటి. ఉనికి కాలానికి బయట ఉన్న ఆధారం కాదు, కాలం అనుమతించిన ఒక దశ.

తెలుగు రైతు ఈ అనుమతికి పెట్టుకున్న పేరు ‘అదను’. దానికి జోడు ‘పదను’. అదను కాలానిది, పదను నేలది. నేలలో తడి సరిగా ఉన్న స్థితి పదను. ఆ స్థితిలో విత్తనం పడవలసిన క్షణం అదను. రెండూ కలిసినప్పుడే విత్తు మొలక అవుతుంది. కాలం, వస్తుస్థితి అనే రెండు తాత్త్విక విషయాలను ఒక అక్షరం తేడాతో కట్టిన ఈ జంట, కాలభావనను గురించిన తెలుగు చర్చలో చేరవలసిన పారిభాషిక పదం.

‘కాలం’ అన్న మాట వాడుక కూడా ఇదే చెబుతుంది. తెలంగాణ పల్లెల్లో వానలు బాగా పడితే ‘కాలం అయ్యింది’ అంటారు. పడకపోతే ‘కాలం కాలేదు’. తేదీలు మారుతున్నా, నెలలు గడుస్తున్నా, వాన లేనప్పుడు కాలం ‘కాలేదు’. కాలం దానంతటది ప్రవహించే పాత్ర అయితే ఈ వాక్యానికి అర్థం లేదు. మనిషి చనిపోతే ‘కాలం చేశాడు’ అంటారు. కాలం ‘అవుతుంది’ వానగా, ‘చేయబడుతుంది’ మరణంగా. హైడెగర్ 1927లో ఉనికిని కాలమనే దిగంతం మీదనే అర్థం చేసుకోవాలని, మరణం వైపు సాగడమే మనిషి ఉనికికి సమగ్రత అని ప్రతిపాదించాడు. తెలుగు మాట మరణాన్ని ఒప్పుకుంటూనే దాని పక్కన వానను నిలబెట్టింది. ఒక్కడి చావు ఎంత కాలమో, ఊరందరి పంట అంత కాలం.

4. షిఫ్టు: రేఖలోని ముడులు

కర్మాగారపు కాలం రేఖీయమన్న మాట కూడా పరీక్షకు నిలవదు. భారత ప్రామాణిక కాలం 1906లో అమలులోకి వచ్చింది. అది తూర్పు రేఖాంశం ఎనభై రెండున్నర డిగ్రీల వద్ద ఉన్న సూర్యుణ్ని బట్టి నడుస్తుంది. గుమ్మడిదల ఆ రేఖకు పడమట నాలుగు డిగ్రీల పైన ఉంది. కనుక గడియారంలో పన్నెండు కొట్టిన పదహారు నిమిషాలకు గాని సగటున ఇక్కడి పొద్దు నడినెత్తికి రాదు. గడియారం ‘ఇప్పుడు’ను పొద్దునుంచి విడదీసింది; రాత్రి షిఫ్టు ఆ విడదీతను పూర్తిచేసింది. సీ షిఫ్టులో నిలబడినవాడి ‘ఇప్పుడు’లో పొద్దు లేదు.

అయితే ఈ కొత్త కాలం సమానమైన గంటల వరుసా? 1948 నాటి కర్మాగారాల చట్టం రోజుకు తొమ్మిది, వారానికి 48 గంటల పరిమితి విధించి, ఆపైన చేసిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలంది. కార్మికుల నోట ‘ఓటీ’గా నిలిచిన ఆ గంట రెండు గంటల విలువ చేస్తుంది. దేహం మాత్రం దాన్ని ఒక గంటగా లెక్కించదు, రెండుగానూ లెక్కించదు. నిద్ర తగ్గిన రోజుగా లెక్కిస్తుంది. గంటలన్నీ సమానమన్న సూత్రాన్ని చట్టమే, అలసటే భంగపరుస్తున్నాయి.

అంతకంటే ముఖ్యమైనది ఉత్పత్తి పద్ధతి. ఈ ప్రాంతంలోని ఔషధ ముడిపదార్థాల తయారీ ఎక్కువగా బ్యాచ్ పద్ధతిలో సాగుతుంది. రియాక్టరులో పదార్థాలు వేసి, ఉష్ణోగ్రత పెంచి, చర్య పూర్తయ్యేదాకా కనిపెట్టుకొని ఉండాలి. చర్య మధ్యలో గంట కొట్టినా వదిలి రావడానికి లేదు. అంటే కర్మాగారంలోనూ అదను ఉంది, పదను ఉంది. థామ్సన్ పనిని బట్టి నడిచే కాలాన్నీ గడియారాన్ని బట్టి నడిచే కాలాన్నీ వేరుచేశాడు. రియాక్టరు ముందు నిలబడినవాడిలో ఆ రెండూ ఒకేసారి పనిచేస్తాయి. మబ్బును చూసే రైతుకూ ఉష్ణమాపకాన్ని చూసే కార్మికుడికీ మధ్య తేడా చూపులో లేదు, అధికారంలో ఉంది. అదను తప్పితే గంప ఎత్తే నిర్ణయం రైతుది. కార్మికుడు అదను గుర్తిస్తాడు; ఏం చేయాలన్నది మరొకరు రాసిపెట్టిన పట్టికలో ఉంటుంది. కాలం మారిందన్న మాటకు ఇక్కడ నికరమైన అర్థం ఇదే: అదనును గుర్తించే శక్తి మిగిలింది, అదనుపై స్వామ్యం పోయింది.

5. నవలల పేర్లలోని కాలం

ఈ దృష్టితో చూసినప్పుడు ఆధునిక తెలుగు నవల కొత్తగా కనిపిస్తుంది. గ్రంథరూపంలో 1952లో వచ్చిన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ పేరులోనే ఒక తాత్త్విక సమస్య ఉంది. ‘చివరకు’ అన్నది కాలక్రమంలో ఒక కొస. ‘మిగిలేది’ అన్నది తద్ధర్మ రూపం: మిగలబోయేదా, ఎప్పుడూ మిగిలి ఉండేదా అన్నది తేలదు. భవిష్యత్తుగా చదివితే దయానిధి కథ ఒక రేఖ. స్వభావంగా చదివితే అది ఒక అన్వేషణ. నవల ఈ రెండర్థాలనూ విడవకుండా నడవడం వల్లనే దాని ముగింపును గురించిన చర్చ ఇన్నేళ్లుగా ముగియలేదు. మనస్తత్వ విశ్లేషణకే పరిమితమైన విమర్శ ఈ వ్యాకరణ సూక్ష్మాన్ని దాటిపోయింది.

అంపశయ్య నవీన్ 1969లో ప్రచురించిన ‘అంపశయ్య’ ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహంలో రవి అనే విద్యార్థి గడిపిన ఒక్క రోజు కథ. చైతన్యస్రవంతి ప్రయోగంగా, జాయిస్ ప్రభావంగా దాన్ని చాలామంది చర్చించారు. కాని ఆ రోజు ఒక ‘పొద్దు’ అన్న సంగతి గమనించాలి. పల్లెనుంచి వచ్చిన పేద విద్యార్థికి పరీక్ష ఒక అదను. దానికి తగిన పదను, అంటే డబ్బు, తిండి, నిబ్బరం, అతని దగ్గర లేవు. అదను వచ్చి పదను లేనివాడి వేదన ఆ రోజంతా పరుచుకుంది. పేరులోని పురాణ సూచన దీన్ని బలపరుస్తుంది: భీష్ముడు అంపశయ్యమీద ఎదురుచూసింది ఉత్తరాయణమనే అదనుకోసం. ప్రాణం ఉంది, కాలం కావాలి. నవీన్ తరువాతి నవల ‘కాలరేఖలు’, 2004లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందింది, తెలంగాణ చరిత్రను చెప్పబూనినప్పుడు పేరులో రేఖను బహువచనం చేసింది. చరిత్ర ఒకే గీత కాదన్న గుర్తింపు ఆ ప్రత్యయంలో ఉంది.

వడ్డెర చండీదాస్ విషయం మరింత ప్రత్యేకం. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్ర అధ్యాపకుడైన ఆయన 1975లో ‘డిజైర్ అండ్ లిబరేషన్’ అనే దర్శనగ్రంథాన్ని సూత్రశైలిలో ఆంగ్లంలో ప్రచురించారు. దానిని కేంద్రంగా చేసుకొని ఎ. రఘురామరాజు కూర్చిన గ్రంథం 2018లో వచ్చింది. ఇచ్ఛను సత్తకు మూలంగా తీసుకొన్న ఆ చింతకుడే, 1970ల నాటి ఉస్మానియా ప్రాంగణాన్ని ‘అనుక్షణికం’ నవలగా రాశారు. సత్తను గురించి సూత్రాలు రాసిన చేయి, నవలకు వచ్చేసరికి క్షణాన్ని ఎన్నుకున్నది. ‘చివరకు మిగిలేది’ కొసను అడిగితే, ‘అనుక్షణికం’ కొసను పక్కనపెట్టి ప్రతి క్షణాన్నీ అడుగుతుంది. నాగార్జునుడు మూలమధ్యమకకారికల పందొమ్మిదవ ప్రకరణంలో గత, వర్తమాన, భవిష్యత్తులు ఒకదానిపై ఒకటి ఆధారపడినవే గాని స్వతంత్రంగా సిద్ధించవని నిరూపించాడు. ఈ మూడు నవలలను కలిపి చదివినప్పుడు ఆ పరస్పరాధారమే కథనంగా కనిపిస్తుంది. వీటిని ‘రేఖీయ కాలపు నగర నవలలు’ అనడం వల్ల తెలిసేది తక్కువ.

6. ఉన్నదన్న మాటకు ప్రమాణం

కాలభావనను గురించిన ఈ చర్చ కేవలం పారిభాషికం కాదు. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగులో, చెరువుల్లో చేరడాన్ని గురించి 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. అది తరువాత రాష్ట్ర హైకోర్టుకు, అక్కడినుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి రెండు దశాబ్దాలకు పైగా సాగింది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రం విడిచే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే సూక్ష్మజీవనాశక మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. రెవెన్యూ లెక్కలో చెరువు ఉంది. వాన పడితే అందులో నీరు ఉంటుంది. పొలమూ ఉంది. అయినా రైతు ‘కాలం కాలేదు’ అంటాడు. ఈ మాట వాతావరణ నివేదికతో పొసగదు. కోర్టు కాగితంలోనూ సులువుగా ఇమడదు. దాన్ని అర్థం చేసుకోవాలంటే వానకంటే విశాలమైన ఆ ‘కాలం’ అర్థాన్ని అంగీకరించాలి. అదను వచ్చింది, పదను చెడింది.

బౌద్ధులలో సర్వాస్తివాదులు గతం, వర్తమానం, భవిష్యత్తు మూడూ ఉన్నాయన్నారు. ఫలమిచ్చే శక్తి గత కర్మకు ఉన్నప్పుడు అది లేదనడం ఎలా అని వారి ప్రశ్న. సౌత్రాంతికులు దాన్ని ఖండించారు: గతం ఉంటే అది గతమే కాదు. నేలలోకి ఇంకిన రసాయనాన్ని ముందుపెట్టుకొని చూస్తే ఈ పురాతన వాదం కొత్త బలం పుంజుకుంటుంది. ఎప్పుడో ఆగిన ప్రవాహం ఈనాటి బావిలో ఫలమిస్తూ ఉంటే, అది గడిచిందా, ఉన్నదా? పరిహారం లెక్కకట్టే చోట దీనికి తేదీ కావాలి. గడిచిందని రాస్తే బాధ్యత ముగుస్తుంది. ఉన్నదని రాస్తే కొనసాగుతుంది. గడియకుడుకలో నీటితో కాలాన్ని కొలిచిన సంప్రదాయానికి వారసులైన ఊళ్లలో, కాలం ఎక్కడిదాకా వచ్చిందో ఇవాళ కూడా నీటినే చూసి చెప్పవలసి వస్తున్నది.

సంగారెడ్డికి సమీపంలోని కొండాపూర్‌లో సాతవాహనుల నాటి నాణేలు, కట్టడాల అవశేషాలు దొరికాయి. ఆ అవశేషాలను గతమని గౌరవించి ప్రదర్శనశాలలో పెట్టడం కష్టం కాదు. నక్కవాగు గతాన్ని అలా అద్దాల పెట్టెలో పెట్టడానికి వీల్లేదు. ఒకటి ‘ఇక లేని’ జీవితానికి గుర్తు. మరొకటి ‘ఇంకా ఉన్న’ గతం. ఉనికిని ఆరు వికారాలలో ఒకటిగా చెప్పిన నిరుక్తాన్ని ఇక్కడ శ్రద్ధగా చదవాలి: ఉన్నది అంటే మారకుండా ఉన్నదని కాదు, ఏదో ఒక వికారంలో ఉన్నదని.

ఉపసంహారం

పై పరిశీలనలో తేలిన అంశాలు మూడు. కార్తె చక్రం కాదు. షిఫ్టు రేఖ కాదు. రెండింటిలోనూ పనిచేసేది అనుమతి, ప్రతిబంధం అనే కాలశక్తి. దానికి తెలుగు పేరు అదను. రెండవది: తెలుగు వ్యాకరణం ఉనికిని ‘అగు, ఉండు, లేదు’ల మధ్య పంచింది, ‘ఇంకా’, ‘ఇక’ అనే మాటలతో అభావానికి కూడా కాలాన్ని జోడించింది. తెలుగు రచనలోని తాత్త్వికతను వెతికేవారు ఇతివృత్తంతో పాటు క్రియారూపాలను చూడాలి. మూడవది: చక్రం, రేఖ అనే ద్వంద్వం పల్లెకు స్మృతిని, కర్మాగారానికి భవిష్యత్తును పంచిపెట్టి, ఆ రెండింటి మధ్య బతికేవారి వర్తమానాన్ని ఎవరికీ చెందనిదిగా చేస్తుంది.

పారిశ్రామిక ప్రాంతాల జీవితం కథలో, కవితలో, ఆత్మకథలో మరింతగా నమోదు కావలసి ఉంది. ఆ రచనలను చదివే విమర్శ, వాటిలో పోయిన పల్లెకోసం విలాపాన్నో వచ్చిన ప్రగతికి స్వాగతాన్నో వెతికితే సగమే చదివినట్టు. అదను ఎవరు గుర్తిస్తున్నారు, దానిపై నిర్ణయం ఎవరిది, పదను ఎలా చెడింది అని అడిగే విమర్శకు గుమ్మడిదల తండ్రి కార్తె లెక్కలోనూ కొడుకు షిఫ్టు లెక్కలోనూ ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ఈసారి కాలం అవుతుందా?